ఎడమ టూల్ మళ్ళీ దిగలేదు

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ పొద్దున ఇరవై దెబ్బలకి ఏడు. అంతే. ఐస్ క్లైంబింగ్ ప్రాక్టీస్‌కి పెట్టుకున్న ఐసు దిమ్మని మూడు రోజులు ఫ్రీజర్‌లో పెట్టాను, కావాల్సినంత చల్లగా ఉంది. రాత్రి నిద్ర సరిపోయింది, భుజంలో ఏ నొప్పీ లేదు. అయినా ఎడమ చేతి టూల్ (ఐసులో దింపి పట్టుకుని ఎక్కే చిన్న గొడ్డలి) మొదటి దెబ్బకే దిగింది ఇరవైలో ఏడుసార్లు. డిసెంబర్‌లో ఆరు, ఇప్పుడు ఏడు. మధ్యలో లద్దాఖ్ వెళ్ళి పది రోజులుండి వచ్చాను కూడా. ఒళ్ళు మండిపోతోంది. అంకెలు మర్చిపోకముందే అంతా రాసి పెడుతున్నాను.

మిగతా చలికాలం బాగానే గడిచింది. హంపిలో నాలుగు రోజులున్నాను, సణాపూర్ వైపు రెండేళ్ళుగా లొంగని వీ6 గ్రేడు బండ మూడో సెషన్‌లో అయిపోయింది. ఇంట్లో 20 మిల్లీమీటర్ల ఎడ్జ్ (అంచు) మీద వేళ్ళతో పది సెకన్లు వేలాడే హ్యాంగ్ 15 కిలోల అదనపు బరువు నుంచి 22 కిలోలకి వచ్చింది. హ్యాంగ్ బోర్డు బీస్ట్‌మేకర్ 1000. చెక్క బోర్డుకి అలవాటు పడ్డాక రెజిన్ బోర్డు పట్టుకోబుద్ధి కావట్లేదు, చర్మం రెండింతలు ఎక్కువ రోజులు ఆగుతోంది. హంపి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: అక్కడి గ్రానైట్ గరుకు, రెండో రోజుకే వేళ్ళ కొసలు ఎర్రబడతాయి. తెల్లవారుజాము నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎక్కండి. మధ్యలో పడుకోండి.

ఇక అసలు గొడవ.

డిసెంబర్ 22న ఐస్ ఫ్యాక్టరీ నుంచి దాదాపు మూడడుగుల దిమ్మ తెప్పించాను. గోనెపట్టా చుట్టి, ఊక పోసి, ఆటోలో. అది చూసి కింది పోర్షన్ ఆంటీ "ఏం నాయనా, ఇంట్లో ఫంక్షనా?" అని అడిగారు. డాబా మీద వాటర్ ట్యాంక్ దిమ్మెకి నిలబెట్టి తాళ్ళతో కట్టాను. టూల్స్ సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్జల్ నామిక్ జత. నా చేతికి ఇంతకంటే బాగా ఒదిగిన పిడి ఇంకోటి దొరకలేదు. ఒక్కో చేత్తో వంద దెబ్బలు లెక్కపెట్టి కొట్టాను. మొదటి దెబ్బకే దిగినవి కుడి చేతికి 81, ఎడమ చేతికి 74. ఎడమ చేయి కాస్త వెనకబడింది కానీ పర్లేదనుకుని లేహ్‌కి టికెట్ బుక్ చేసేశాను.

తప్పు అక్కడే జరిగింది. నోట్‌బుక్‌లో ఇరవై ఇరవైగా రాసుకున్న అంకెల్ని మొన్న మళ్ళీ తీసి చూశాను. మొదటి ఇరవైలో కుడి 13, ఎడమ 6. మిగతా ఎనభైలో రెండు చేతులూ సరిగ్గా 68. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన దిమ్మ పైకి పొడిగా, గట్టిగా ఉన్నది మొదటి పది నిమిషాలే. ఆ తర్వాత హైదరాబాద్ ఎండకి పైపొర చెమ్మగిల్లింది. కరగబోతున్న ఐసు మెత్తగా ఉంటుంది, ఎలా కొట్టినా పిక్ (టూల్ ముక్కు) దిగిపోతుంది. అంటే నేను ప్రాక్టీస్ చేసింది ఇరవై దెబ్బలే. మిగతా ఎనభై నన్ను మోసం చేశాయి.

లేహ్‌లో దిగాక మూడు రోజులు గదిలోనే ఉన్నాను. 3,500 మీటర్ల ఎత్తుకి విమానంలో ఒక్కసారిగా వెళ్ళినప్పుడు ఈ మూడు రోజుల విషయంలో బేరాలాడొద్దు. తర్వాత ఖర్దుంగ్ లా రోడ్డు మీద ఉన్న గాంగ్లెస్‌లో ఐస్ వాల్. నేను పట్టుకున్న లైను దాదాపు 22 మీటర్లు, టాప్ రోప్ (తాడు పైనుంచి కట్టి ఉంటుంది). 14 మీటర్ల దాకా వాలుగా, హాయిగా పోతుంది. అక్కడి నుంచి 18 దాకా నిట్టనిలువు స్తంభం. ఆ నాలుగు మీటర్లని అక్కడివాళ్ళు డబ్ల్యూఐ4 (ఐసు ఎక్కడంలో కష్టాన్ని చెప్పే గ్రేడు) అంటారు. నాలుగు రోజుల్లో ఏడుసార్లు ప్రయత్నించాను. ఆరుసార్లు 15, 16 మీటర్ల మధ్యే ఊడిపోయాను. ఏడోసారి 17 దాకా వెళ్ళాను, అదీ మధ్యాహ్నం.

కింద నా తాడు పట్టుకుని బిలే చేస్తున్న తమ్ముడు ప్రతి ప్రయత్నాన్నీ వీడియో తీశాడు. హోటల్లో హీటర్ పక్కన కూర్చుని దెబ్బలు లెక్కపెట్టాం. పొద్దున తొమ్మిదిన్నరకి, మైనస్ 15 దగ్గర, ఒక ప్రయత్నంలో కుడి చేయి 9 చోట్ల దిగడానికి 13 దెబ్బలు తీసుకుంది. ఎడమ చేయి 8 చోట్లకి 37. ఒక్కో చోటుకి నాలుగున్నర దెబ్బలు పైనే. అన్నేసి దెబ్బలు కొట్టేసరికి ఎడమ ముంజేయి రాయిలా బిగుసుకుపోయేది, వేళ్ళు వాటంతటవే తెరుచుకునేవి. మధ్యాహ్నం ఎండ పడి మైనస్ 5కి వచ్చాక ఎడమ చేతి లెక్క రెండున్నరకి తగ్గింది. కుడి చేతి లెక్క మాత్రం పొద్దునా మధ్యాహ్నమూ దాదాపు ఒకటే. అంటే చలి ఐసుని పెళుసుగా చేస్తున్న మాట నిజమే కానీ, సరిగ్గా కొట్టే చేతికి దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు.

స్లో మోషన్‌లో ఇంకా స్పష్టంగా కనిపించింది. కుడి పిక్ నిటారుగా వచ్చి టక్కున ఆగుతుంది, పిడి వణకదు. ఎడమ పిక్ కొస లోపలికి వాలి తగులుతోంది. ఫోన్ స్క్రీన్ మీద కోణమానిని పెట్టి చూస్తే 10 డిగ్రీలు. మోచేయి బయటికి పోతోంది. పిక్ పక్కవాటుగా తగిలేసరికి ఐసు లోపలికి చీలకుండా అరచేయంత పలకలుగా లేచిపోతోంది. ఒక పలక చెంప మీద పడి రెండు రోజులు నీలంగా ఉంది. పలక లేచినచోటే మళ్ళీ కొడితే ఇంకో పలక లేస్తోంది.

మా ఇన్‌స్ట్రక్టర్ కింద నుంచి "ఆరామ్‌సే, ఆరామ్‌సే" అనేవాడు. తమ్ముడేమో "అన్నా, చెయ్యి వదులు చెయ్!" అని అరిచేవాడు. ఇద్దరూ చెప్పింది ఒకటే, నేనే ఎక్కించుకోలేకపోయాను.

అనుమానాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేస్తూ వచ్చాను. మొదటిది, ఎడమ టూల్ పిక్ మొద్దుబారిందేమో. టూల్స్ చేతులు మార్చి కొట్టాను. ఎడమది కుడి చేత్తో బ్రహ్మాండంగా దిగింది, పిక్ తప్పు కాదు. రెండోది గ్లవ్స్. పల్చటి జత వేసుకుని ఎక్కితే నాలుగున్నర కాస్తా నాలుగైంది, దానికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. కిందికి దిగి రక్తం తిరిగి ఎక్కేటప్పుడు వచ్చే ఆ నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత చిన్న లాభానికి అంత బాధ అక్కర్లేదు. నామిక్ పిడి సైజు మార్చుకోవచ్చు కాబట్టి మందం గ్లవ్స్‌కి తగ్గట్టు ఒక మెట్టు పెంచుకుంటే చాలు. మూడోది, పిక్ వెయిట్స్ తగిలిస్తే దెబ్బ బరువు పెరుగుతుందని ఒకాయన సలహా ఇచ్చారు. నాకు నచ్చలేదు. వంకరగా తగిలే దెబ్బకి బరువు పెంచితే ఇంకా పెద్ద పలక లేస్తుంది.

మిగిలింది పట్టు. ఆగస్టులో ఖాజాగూడ రాళ్ళ మీద ఒక చిన్న క్రింప్ (వేళ్ళ కొసలే పట్టే సన్నటి అంచు) పట్టుకుంటే ఎడమ ఉంగరపు వేలి పుల్లీ (స్నాయువుని ఎముకకి పట్టి ఉంచే పట్టీ) దెబ్బతింది. తగ్గిపోయింది, హ్యాంగ్ బోర్డు మీద నొప్పి లేదు. కానీ ఆ నెలలన్నీ ఆ వేలిని కాపాడుకుంటూ ఏదైనా చూపుడు వేలు, మధ్య వేలితోనే పట్టుకోవడం అలవాటైపోయినట్టుంది. టూల్ విసిరేటప్పుడు చివర్లో పిడిని లోపలికి గుంజేది చిటికెన వేలు, ఉంగరపు వేలు. పని వాటిది, నేను వాడుతున్నది పై వేళ్ళు.

దీన్ని కళ్ళతో చూడాలనిపించింది. టూల్ పిడికి పసుపు రాసి, తెల్లటి కాటన్ గ్లవ్ తొడిగి చింత మొద్దు మీద పది దెబ్బలు కొట్టాను. తర్వాత రెండో చేత్తో పది. గ్లవ్స్ పక్కపక్కన పరిచాను. కుడి గ్లవ్‌లో చిటికెన వేలి మొదలు, ఉంగరపు వేలి మధ్య గణుపు ముదురు పసుపు, చూపుడు వేలి దగ్గర లేతగా మరక. ఎడమ గ్లవ్ సరిగ్గా తిరగేసినట్టుంది: బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య గడ్డ కట్టినంత పసుపు, చిటికెన వేలు ఉతికి ఆరేసినంత తెలుపు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇవాళ్టి ప్రయోగం దాని కోసమే. తెలిసిన ఐస్‌క్రీమ్ షాపాయన ఫ్రీజర్‌లో చోటిచ్చారు. 45×30×30 సెంటీమీటర్ల దిమ్మ, బయటికి తీసినప్పుడు ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పైపొర మైనస్ 16. చింత మొద్దుకి ఆనించి బిగించాను. మొదటి ఇరవై ఎప్పుడూ కొట్టినట్టే, ఎడమ చేత్తో: ఏడు. తర్వాతి ఇరవై చిటికెన వేలి మీదే ధ్యాస పెట్టి, చూపుడు వేలు దాదాపు తెరిచి: తొమ్మిది. వాలు 10 డిగ్రీల నుంచి 6కి వచ్చింది. సంతోషపడదామంటే అప్పటికి పైపొర మైనస్ 9కి చేరింది. ఆ రెండు దెబ్బల తేడా వేలిదో వేడిదో తేల్చలేను. కుడి చేత్తో కొట్టి పోల్చుకుందామంటే ఆ రెండో ఇరవైలో ఆఖరి దెబ్బకే దిమ్మ నిలువునా రెండు ముక్కలైంది. లోపల మధ్యలో తెల్లటి బుడగల చార, సరిగ్గా దాని వెంటే చీలింది.

వచ్చే శనివారానికి రెండు టబ్బులు పెడుతున్నాను. నీళ్ళన్నీ ఒకేసారి పోయకుండా, అయిదేసి సెంటీమీటర్లు పోసి, గడ్డ కట్టాక పైన ఇంకో పొర. అలాగైతే మధ్యలో బుడగల చార తగ్గుతుందని నా ఊహ. ఒక టబ్బు కుడి చేతికి, ఒకటి ఎడమకి, రెండూ మైనస్ 10 దాటకముందే ఆపేయాలి. వారం రోజులూ సాయంత్రం ఎడమ చేత్తో మేకులు కొట్టడం. సుత్తిని చిటికెన వేలు, ఉంగరపు వేలితోనే పట్టుకోవాలి, మేకు వంగితే లెక్కలోకి రాదు. రోజుకి నలభై.

ఎండలు ముదిరేలోపు ఖాజాగూడలో ఆ ఆగస్టు క్రింప్ దగ్గరికి కూడా వెళ్ళాలి. కటానా క్లైంబింగ్ షూస్ వేసుకుంటాను, రబ్బరు ఇంకా బాగానే ఉంది, సన్నటి ఎడ్జ్ మీద నాకు దాని మీదే నమ్మకం. వచ్చే జనవరికి స్పితి అనుకుంటున్నాం. చలికాలం కుంజుమ్ వైపు దారి మూసి ఉంటుంది కాబట్టి సిమ్లా, కిన్నౌర్ మీదుగా కాజా. రోడ్డు మీద మెల్లగా ఎత్తుకి పోతాం, లేహ్‌లోలా మూడు రోజులు గదిలో కూర్చునే పని కొంత తప్పుతుంది. తమ్ముడు అప్పుడే సెలవులు లెక్కేసుకుంటున్నాడు. నేను ఇందాకే వెళ్ళి రెండంగుళాల మేకులు అరకిలో తెచ్చాను.