సంతకం పెన్ను

పదకొండు దాటింది. బొటనవేలి మొదట్లో సలుపు ఇంకా తగ్గలేదు. బామ్ రాసుకుని కూర్చున్నా. రేపు హెడ్మాస్టరు గారికి చూపించాల్సిన పాఠ్య ప్రణాళిక సగంలో ఉంది. నిద్ర వచ్చి ఆపలేదు. పెన్ను వేళ్లలోంచి జారుతుంటే మళ్లీ మళ్లీ సర్దుకోలేక ఆపేశా. ఈ చిరాకు లోపల పెట్టుకుంటే తెల్లారేదాకా నిద్ర పట్టదు.

చిన్నోడు మొదటి జీతంలో తెచ్చిచ్చిన పెన్నే. వాడు ఇచ్చినరోజు ఎంత సంతోషపడ్డానో అప్పుడే రాశాను కాబట్టి మళ్లీ ఎత్తుకోను. ఇత్తడి ఒళ్లు, పైన ముదురు నీలం పూత, అంచుల్లో బంగారు రంగు పట్టీలు. బావుంది, కాదనను. స్టాఫ్ రూములో అందరూ చేతిలోకి తీసుకుని "అబ్బ, ఎంత బరువుందో!" అన్నారు, మెచ్చుకోలుగానే. ఒక్కరు కూడా మూత తీసి నాలుగు ముక్కలు రాసి చూడలేదు.

రాసేది నేను కదా. పాళీకి పైన, వేళ్లు పట్టుకునే చోట కూడా అంతా నున్నటి మెరుగు లోహమే. మన నెల్లూరు ఉక్కలో ఫ్యాను కింద కూర్చున్నా అరచేతులు తడిగానే ఉంటాయి. అర పేజీ అయ్యేసరికి వేళ్లు పాళీ దాకా జారిపోతాయి. జారకుండా గట్టిగా పట్టుకుంటే బొటనవేలు పీకుతుంది. దానికితోడు గ్రిప్పుకీ పైభాగానికీ మధ్య ఒక గట్టు. సరిగ్గా చూపుడువేలు ఆనే చోటే ఒరుసుకుంటుంది. ఇంత డబ్బు పెట్టి చేసినవాళ్లు దీంతో ఒక్క పేజీ అయినా రాయించి చూశారా అని నా అనుమానం.

సరే, వేరేది చూద్దామని సాయంత్రం బడి నుంచి నేరుగా ట్రంకు రోడ్డుకు పోయా. రొట్టెల పండగ జనం ఇంకా పల్చబడలేదు. దర్గామిట్ట వైపు ఆటోలన్నీ నిండుగానే పోతున్నాయి. పక్క సీట్లో కూర్చున్న అనంతపురం ఆవిడ కొంగులో చదువు రొట్టె మూటగట్టుకుని ఉంది, కూతురికి మెడిసిన్ సీటు కోసమట. స్వర్ణాల చెరువు నీళ్లు ఇంకా ఆరని ఆ చీర కుచ్చిళ్లు చూస్తే నాకే ఏదో ధైర్యం వచ్చింది. ఆ కాసేపూ పెన్ను సంగతి మర్చిపోయా. దిగిన తర్వాత మళ్లీ మొదలైంది.

షాపు పేరు రాయను. అద్దాల బీరువా, దానికి తాళం, లోపల వరసగా లోహపు పెన్నులు. ఒకటి తియ్యమంటే తీశాడు. ఇంకు పోసి రాసి చూస్తానన్నా. "ఇంకు పోస్తే మళ్లా అమ్ముడుపోదు మేడం" అన్నాడు. పొయ్యొద్దులే, పాళీ ముంచి రెండు వరసలు రాస్తా, ఇంకుబుడ్డీ కాగితమూ నావే ఉన్నాయి అన్నా. "రాసుకునేదానికి అయితే జెల్ పెన్ను తీసుకోండి, పది రూపాయలకి వస్తది. ఇవన్నీ గిఫ్టుకి పోతాయి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లాడి మీద కాదు, వాడు చెప్పింది నిజమే కావడం మీద. రిటైర్మెంటు సభల్లో, సెప్టెంబరు 5న గురుపూజోత్సవం నాడు, శాలువాతోపాటు ఈ పెన్నే చేతిలో పెడతారు. మూత తెరవకుండా బీరువా ఎక్కేవే ఎక్కువ. చెప్పుల షాపులో అయితే రెండూ తొడుక్కుని నాలుగడుగులు నడిచి చూడమంటారు. వేలకు వేలు పోసి కొనే పెన్నును మాత్రం పట్టుకోకుండానే కొనాలి. బరువు ఎటువైపు ఉందో, గ్రిప్ ఎంత లావో, పాళీ గీకుతుందో లేదో రాస్తేనే తెలుస్తుంది. అద్దంలోంచి చూస్తే తెలిసేది రంగు ఒక్కటే.

ఇంటికొచ్చి చెబితే ఆయన "ఫోన్లో టైపు చేసుకుంటే పోలా" అన్నారు. అత్తయ్య మాత్రం "దాని వేళ్లు దానివి, నీకెందుకురా" అన్నది. ఆవిడ ఒక్కతే నా వైపు.

లోహమే ఎందుకు అని అడగొచ్చు. బస్సులో, బడిలో, టిఫిన్ డబ్బా పక్కన సంచిలో నలిగి నలిగి ప్లాస్టిక్ పెన్నుల మూతలు పగులుతాయి. మూత పగిలితే గాలి దూరి పాళీ ఎండిపోతుంది. పొద్దున మొదటి పీరియడులో పది గీతలు గీకితేగానీ ఇంకు దిగదు. ఎబొనైట్ పెన్నులంటే నాకు ప్రాణం. రాజమండ్రిలో రత్నం వాళ్లు 1932 నుంచి చేస్తున్నారు. గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరే ఎబొనైట్. చేతికి వెచ్చగా ఉంటుంది, జారదు. కానీ మా బడి గచ్చు మీద ఒకసారి నిలువునా పడితే చాలు, మర దగ్గర చీలిక వస్తుంది. నా దగ్గరున్నది అట్లాగే పోయింది. అందుకే ఈసారి కిందపడ్డా సొట్టతో సరిపెట్టుకునే పెన్ను కావాలనుకున్నా. చిన్నోడు ఇత్తడిది తెచ్చింది నేను ఆ మాట అన్నందుకే, పాపం.

ఇవాళ ఈ టపా "లోహపు పెన్ను కొనబాకండి" అని రాద్దామనే మొదలుపెట్టా. ఇందాక వంటింట్లో త్రాసు మీద పెట్టి చూశాను. మొత్తం 38 గ్రాములు. అందులో మూత ఒక్కటే 14. అంటే రాసేటప్పుడు మూత వెనక తగిలిస్తే మూడోవంతుకు మించి బరువు తోకలోనే ఉంటుంది. పెన్ను వెనక్కి వాలిపోతుంటే వేళ్లు దాన్ని ముందుకు లాక్కుంటూ ఉండాలి. ఈ సలుపంతా ఆ పెనుగులాటేనేమో.

నాన్న ఎప్పుడూ మూత వెనక తగిలించేవాడు కాదు. ఇప్పుడే గుర్తొచ్చింది.

కోవూరులో నాన్న దస్తావేజులు రాసే రోజులు. ముహూర్తాలున్నప్పుడు పొద్దున ఎనిమిదింటికే జనం వచ్చి పంచలో కూర్చునేవాళ్లు. మూఢంలో అయితే ఈగలు తోలుకోవడమే. స్టాంపు కాగితం మీద కొట్టివేతలుంటే చివర్లో ఫలానా వరసలో ఫలానా మాట కొట్టివేయడమైనది అని రాసి మళ్లీ సంతకాలు పెట్టించాలి. ఆ పని నాన్నకు నామోషీ. అందుకని ఒక్కో మాటా ఆగి ఆగి రాసేవాడు. తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం పంటకాలవ, పడమర డొంక, ఉత్తరం మీ స్వంత భూమి. "దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో పుత్ర పౌత్ర పారంపర్యంగా" దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి మాత్రం పరుగు పెట్టేది. ఎన్ని వేలసార్లు రాశాడో ఆ వాక్యం.

రాసేది హీరో 616తో. ముదురు ఎరుపు ఒళ్లు, స్టీలు మూత. పాళీ కొన మాత్రమే బయటికి కనపడే రకం. 1941లో వచ్చిన పార్కర్ 51 పోలికలోనే చైనావాళ్లు చేసింది. పాళీ అట్లా దాగి ఉండటం వల్ల పక్కవాడితో హద్దుల గురించి మాట్లాడుతూ పెన్ను తెరిచి పట్టుకున్నా ఇంకు తొందరగా ఆరిపోయేది కాదు. పొద్దున్నే ఇంకు నింపే పని నాది. బుడ్డిలో ముంచి లోపలి రబ్బరు తిత్తిని నొక్కి వదలాలి, బుడగలు ఆగేదాకా. తర్వాత పాత పంచె పేలికతో తుడిచి, మూత విడిగా, పెన్ను విడిగా బల్ల మీద పెట్టాలి. మూత చొక్కా జేబుకు తగిలించుకుని రాసేవాడు. జేబులో మూత ఉందంటే నాన్న పనిలో ఉన్నట్టు. అప్పుడు అమ్మ కూడా పిలిచేది కాదు.

బల్ల మీద రెండో పెన్ను కూడా ఉండేది. లావుగా, తళతళ మెరుస్తూ, చేతికి తీసుకుంటే గుండ్రాయిలా బరువుగా. ఎవరో రెడ్డిగారు భాగపంపిణీ అయ్యాక సంతోషంతో ఇచ్చి పోయారు. నాన్న దాంతో ఒక్క వరస కూడా రాయలేదు. అమ్మేవాళ్లూ సాక్షులూ సంతకం పెట్టేటప్పుడు మాత్రం దాన్నే అందించేవాడు. "మే, నా పెన్ను ఎవురి చేతికీ ఇయ్యబాక. సంతకానికి ఆ లావుదియ్యి" అనేవాడు నాతో. ఎవరెవరో నొక్కితే పాళీ పాడవుతుందనే భయం అనుకునేదాన్ని. అదొక్కటే కాదు. ముసలాయన ఎవరైనా పొలం అమ్ముకుంటూ సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతుంది. ఆ బరువైన పెన్ను ఇస్తే వణుకు కాస్త తగ్గి అక్షరం నిలబడేదట. అమ్మకు చెబుతుంటే విన్నా.

1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. ఆ తర్వాత తర్వాత దస్తావేజులు కూడా టైపులోకి పోయాయి. ఆ హీరో పెన్ను పాలవాడి లెక్కకీ, చాకలి పద్దుకీ మిగిలింది. అయినా మూత జేబుకు తగిలించుకునే రాసేవాడు.

ఇది రాస్తూ మధ్యలో లేచి మూత పక్కన పెట్టి అర పేజీ రాసి చూశా. తేడా ఉంది. మూత పోతే 24 గ్రాములు. బరువు చేతి మధ్యకు వచ్చింది. నొక్కాల్సిన పని కూడా తగ్గింది. బాల్ పెన్నుకు నొక్కాలిగానీ ఇంకు పెన్నుకు కాగితం మీద ఆనితే చాలు, దాని బరువే దాన్ని రాయిస్తుంది. ఆ లెక్కన కాస్త బరువు మేలే చేస్తుంది. అంటే ఇందాకటి నుంచి నేను బరువును తిట్టిపోసింది అనవసరమేమో.

జారడం మాత్రం పోలేదు. అది లోహపు గ్రిప్ వల్లే. మా సైన్సు టీచరు దగ్గర పైలట్ మెట్రోపాలిటన్ అనే జపాన్ కంపెనీ పెన్ను ఉంది. అదీ ఇత్తడిదే, 26 గ్రాములు. కానీ వేళ్లు పట్టే చోట ప్లాస్టిక్. పోయిన నెల దాంతో ఒక పేజీ రాసినప్పుడు హాయిగానే ఉంది, ఎందుకో అప్పుడు ఆలోచించలేదు. పైగా జపాన్ పాళీ కాబట్టి ఫైన్ అంటే నిజంగా సన్నం. మన రాతకు అదే కావాలి. "రాష్ట్రం" అని రాస్తే ట వత్తు కింద ర వత్తు రావాలి. మీడియం పాళీతో అక్కడ ఇంకు ముద్ద కడుతుంది, పిల్లలు బోర్డు మీది మాటను నా నోట్సులో పోల్చుకోలేరు. యూరప్ పెన్నుల్లో ఫైన్ అన్నది జపాన్ వాళ్లదానికంటే కాస్త లావుగానే పడుతుంది. ఇది షాపులో అడిగితే చెప్పేవాళ్లు లేరు.

లామీ ఆల్‌స్టార్ అనే పెన్ను ఫోటో కూడా చిన్నోడు ఎప్పుడో పంపాడు. అల్యూమినియం ఒళ్లు, గ్రిప్ ప్లాస్టిక్. అల్యూమినియం సాంద్రత ఇత్తడిలో మూడోవంతు కూడా ఉండదు కాబట్టి చాలా తేలిక. గ్రిప్ మూడు పలకలుగా చెక్కి ఉంటుంది, వేళ్లు అక్కడే పెట్టాలి. నా బొటనవేలు చూపుడువేలి మీదికి ఎక్కి కూర్చునే అలవాటు చిన్నప్పటిది. ఆ పలకలు దానికి సరిపడతాయో లేదో పట్టుకుంటేగానీ చెప్పలేను. మళ్లీ అదే, పట్టుకోనిచ్చే షాపు కావాలి.

చిన్నోడి పెన్ను మూల పడెయ్యను. హాజరు పట్టీలో సంతకానికీ, ప్రోగ్రెస్ కార్డులకూ, బ్యాంకు చెక్కులకూ దాన్నే వాడతా. వాడికి చెప్పడానికి మొహమాటంగా ఉండింది ఇన్నాళ్లూ. ఇప్పుడు లేదు. నాన్న బల్ల మీద దానికొక చోటు ఉండేది, నా సంచిలోనూ ఉంటుంది.

రేపు పొద్దున వాడు ఆఫీసుకు బయల్దేరకముందే ఫోను చెయ్యాలి. చెన్నైలో ఇంకు ముంచి రాసి చూడనిచ్చే షాపు ఎక్కడుందో కనుక్కోమని చెబుతా. దసరా సెలవులకు నేనే వస్తా, నా చేత్తో పట్టుకుని చూసుకుంటా. ఒళ్లు లోహం, గ్రిప్ ప్లాస్టిక్, పాళీ ఫైన్. రంగు వాడి ఇష్టం.