నోరు విప్పి చెప్పినవాళ్లకే ‘ఇన్‌కంప్లీట్’: మా ప్లాంట్ ఆన్‌లైన్ ట్రైనింగ్ అనుభవం

జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ట్రైనింగ్ పని నాది. నిన్న సాయంత్రం మా ఎల్ఎంఎస్‌లో (ఆన్‌లైన్ కోర్సులు నడిపి, ఎవరు పూర్తి చేశారో నమోదు చేసే సాఫ్ట్‌వేర్) మిగిలిన ‘ఇన్‌కంప్లీట్’ ఎర్ర గుర్తులన్నీ పచ్చగా మారాయి. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. పోలేపల్లిలోనో చౌటుప్పల్‌లోనో నాలాగే కార్మికుల కోసం తెలుగులో ఆన్‌లైన్ కోర్సులు చేసేవాళ్లు ఉంటే ఇది పూర్తిగా చదవండి, మీకు చాలా తలనొప్పి తప్పుతుంది.

ముందు మా దగ్గర ట్రైనింగ్ అంటే ఏమిటో చెప్తాను. ఇంగ్లీషు ఎస్ఓపీని, అంటే పని ఎలా చేయాలో రాసిన పత్రాన్ని, ముక్కలు చేసి స్లైడ్లలో అతికించడం, ఒకాయన నిలబడి అది చదవడం, చివర్లో రిజిస్టర్‌లో అందరూ సంతకం పెట్టడం. అమెరికాకు మందులు పంపే ప్లాంట్ ఏదైనా వాళ్ల 21 సీఎఫ్ఆర్ 211.25 నిబంధన ప్రకారం ప్రతి మనిషికీ తను చేసే పనిలో శిక్షణ ఇవ్వాలి, మందుల తయారీకి మన దేశంలో ఉన్న నియమాలు, సవరించిన షెడ్యూల్ ఎం కూడా అదే అడుగుతుంది. రెండూ అడిగేది మనిషికి పని వచ్చా అని, మనవాళ్లు చూపించేది సంతకం ఉందా అని. ఆడిటర్ వచ్చేముందు వారం రిజిస్టర్లు నింపే సంస్కృతి మీద నాకు చాలా ఏళ్లుగా కోపం ఉంది, దాన్ని మార్చాలనే ఈ పని నెత్తికెత్తుకున్నా.

బడ్జెట్ వచ్చింది. కోర్సులు తయారుచేసే టూల్ కొన్నారు. ఆడియో మా ట్రైనింగ్ రూంలోనే ఏసీ ఆపి రికార్డ్ చేశాం. కోర్సుల తయారీకి ఆడీ (ADDIE) అని అందరూ చెప్పే పద్ధతి ఉంది కదా, 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో అమెరికా సైన్యం కోసం తయారైంది, అవసరం తెలుసుకోవడం, డిజైన్, తయారీ, అమలు, మూల్యాంకనం అని ఐదు మెట్లు. ఆ మెట్లన్నీ ఒక ఫైల్‌లో పెట్టి చూపిస్తే పై ఆఫీసు వాళ్లు వెంటనే సంతకం చేశారు. అది పని ఎప్పుడు ఏది చేయాలో చెప్తుంది తప్ప స్క్రీన్ మీద మనిషిని ఎలా కూర్చోబెట్టాలో చెప్పదు.

దానికి నేను పట్టుకున్న అచ్చు ఈ-లెర్నింగ్ డిజైనర్ మైకేల్ అలెన్‌ది. సందర్భం, సవాలు, చర్య, ఫీడ్‌బ్యాక్, ఈ నాలుగే. ముందు పాఠం చెప్పి తర్వాత ప్రశ్న అడగడం ఉండదు, మొదటి స్క్రీన్‌లోనే మనిషిని ఇరకాటంలో పెడతాం. మా మొదటి కోర్సు రికార్డులు నిజాయితీగా రాయడం గురించి. సెకండ్ షిఫ్ట్, తూకం గది, బరువు చూశారు, ప్రింటర్‌లో పేపర్ అయిపోయింది, ఇంతలో షిఫ్ట్ ఇన్‌చార్జ్ తలుపు దగ్గర నిలబడి “చాయ్ తాగొచ్చినంక టైమ్ ఏసి రాద్దాం తియ్” అన్నాడు. ఇప్పుడు మీరేం చేస్తారు? ఏది ఎంచుకున్నా ‘తప్పు’ అని ఎర్రగా రాదు. తర్వాత జరిగేది కళ్ల ముందు కనపడుతుంది: మర్నాడు క్యూఏ (నాణ్యత చూసే విభాగం) మనిషి బ్యాలెన్స్ మెమరీలో ఉన్న టైమ్‌నూ లాగ్‌బుక్‌లో టైమ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తాడు, బ్యాచ్ ఆగిపోతుంది. ‘అప్పటికప్పుడే రాయాలి’ అనే నియమం ఆ తర్వాత రెండు లైన్లలో చెప్తే చాలు, అప్పటికి ఎందుకో మనిషికి తెలిసిపోయి ఉంటుంది.

దీన్ని మళ్లీ మళ్లీ వాడుకునేలా ఒక ఖాళీ ఫారంలా చేశాను. పని జరిగే చోటు, తొందరపెట్టే మనిషి, అడ్డదారి, దాని పర్యవసానం, సరైన పని, ఎస్ఓపీ నంబర్. ఈ ఖాళీలు నింపితే కొత్త కోర్సు సగం అయిపోయినట్టే. గౌనింగ్ (శుభ్రమైన గదిలోకి వెళ్లే బట్టలు వేసుకోవడం), లైన్ క్లియరెన్స్ (కొత్త బ్యాచ్‌కు ముందు పాత బ్యాచ్‌ది ఏదీ మిగల్లేదని చూసుకోవడం), లాకౌట్ ట్యాగౌట్ (రిపేరు చేసేటప్పుడు మెషీన్ ఆన్ కాకుండా తాళం వేసి చీటీ కట్టడం), సాల్వెంట్ ఒలికితే ఏం చేయాలి, అన్నీ అదే ఫారంలో చేశాం. ఖాళీలు నింపడానికి సూపర్‌వైజర్లను “మీ దగ్గర జనం ఎక్కడ అడ్డదారి తొక్కుతారు?” అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. “పోయిన ఏడాది మీకు బాగా కోపం తెప్పించింది ఏది?” అని అడిగా, ఇక ఆపడం కష్టమైంది. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. అయితే మెషీన్ ఎలా నడపాలో ఈ అచ్చులో రాదు, దానికి మనిషి పక్కన నిలబడాల్సిందే. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌ను కూడా ఇలా నేర్పిద్దామని అడిగిన ఒక పెద్దమనిషికి కుదరదని మొహం మీదే చెప్పాను.

అదే పెద్దమనిషి స్క్రీన్ మీద ఉన్న వాక్యాలన్నీ గొంతుతో కూడా చదివించమని పట్టుబట్టాడు. కళ్లు ఒక వేగంతో చదువుతుంటే చెవిలో అదే వాక్యం ఇంకో వేగంతో పడితే మనసుకు ఎక్కేది తగ్గుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చేసి చూపించిన సంగతి ఇది. బొమ్మ, గొంతు ఉంచి అక్షరాలు తగ్గించాం. చదవడం కష్టమైనవాళ్లకు అదే మేలైంది.

ఇంతవరకూ నడక బాగానే సాగింది. ప్రతి కోర్సు చివరా ఒక ప్రశ్న పెట్టాను: “మీ సెక్షన్‌లో ఇలాంటిది ఎక్కడ జరగొచ్చు? మీరైతే ఏం చేస్తారు?” ప్రొడక్షన్‌లోకి ఫోన్ రానివ్వరు, అందుకని ట్రైనింగ్ రూంలో ట్యాబులు పెట్టాం. తెలుగులో టైప్ చేయడం రాకపోతే మైక్ గుర్తు నొక్కి మాట్లాడితే చాలు, అక్షరాలు వచ్చేస్తాయి. జనం మాట్లాడారు చూడండి! భూత్పూర్, బాలానగర్, నవాబుపేట వైపు నుంచి బస్సులో వచ్చే మనుషులు, రిజిస్టర్‌లో సంతకం తప్ప ఎప్పుడూ ఏమీ అడగబడనివాళ్లు, పేరాలకు పేరాలు చెప్పారు. ఈ పనిలో నాకు అంత తృప్తి ఎప్పుడూ కలగలేదు.

తర్వాతి వారం పొద్దుటి మీటింగ్‌లో హెచ్ఆర్ ఆయన ఒక లిస్టు తీశాడు. కోర్సు పూర్తి చేయనివాళ్ల పేర్లట, అందరి ముందూ చదివాడు. అందులో ప్యాకింగ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక అక్క పేరుంది. “చదువు రాకపోతే రాదని చెప్పాలమ్మా, ఊరికే ట్యాబ్ ముందు కూర్చుని లేచి వస్తే ఎట్లా?” అన్నాడు. ఆమె లేచి నిలబడి “సార్, మొత్తం చూసిన సార్. మైకుల మాట్లాడి జవాబు గూడ చెప్పిన. ఆఖరికి పచ్చ టిక్కు గూడ వచ్చింది” అంది. ఎవరూ వినలేదు. నేను లేచి ఆమె చెప్పింది నిజం, ఆ రోజు నేను పక్కనే ఉన్నానంటే “సిస్టమ్ చూపిస్తుంది కదా” అన్నారు. లిస్టులో ఉన్నవాళ్లంతా షిఫ్ట్ అయ్యాక ఉండి మళ్లీ చేయాలన్నారు, దానికి ఓటీ కూడా లేదు. వాళ్లు మళ్లీ చేశారు. మళ్లీ ఇన్‌కంప్లీట్.

ఎల్ఎంఎస్ వెండర్‌కు టికెట్ పెడితే ‘కంటెంట్ సమస్య’ అని మూసేశారు. మళ్లీ తెరిచాం, మళ్లీ మూశారు. అదే కోర్సును, కోర్సులు పరీక్షించుకునే స్కార్మ్ క్లౌడ్ అనే ఆన్‌లైన్ సర్వీసులో పెట్టి చూశాను, అక్కడ చక్కగా పాస్ అయింది. మీరు కోర్సు ఎక్కించేముందు ఈ పరీక్ష తప్పకుండా చేయండి, కోర్సుకూ ఎల్ఎంఎస్‌కూ మధ్య నడిచిన ప్రతి మాటా అక్కడ లాగ్‌లో కనిపిస్తుంది. ఆ రిపోర్టు పంపితే జవాబే లేదు. ఈలోగా క్యూఏ వాళ్లు డీవియేషన్ (నియమం తప్పిందని నమోదు చేసే రిపోర్టు) రాసి అసలు కారణం దగ్గర ‘మానవ తప్పిదం’ అని నింపి నా సంతకం అడిగారు. పెట్టలేదు. పెట్టనని రాతపూర్వకంగా ఇచ్చాను, ఆ రోజు అలా నిలబడినందుకు ఇప్పటికీ గర్వంగానే ఉంది.

రాత్రిపూట లిస్టు ముందేసుకుని కూర్చున్నా. ఇంగ్లీషులో కోర్సు చేసిన కెమిస్టులు అందరూ పాస్. తెలుగులో చేసినవాళ్లలో “ఏం లేదు”, “తెల్వదు” అని వదిలేసినవాళ్లు కూడా పాస్. శ్రద్ధగా, వివరంగా చెప్పినవాళ్లు మాత్రమే ఎర్రగుర్తు. అది చూసి నాకు ఒళ్లు మండింది. టెస్ట్ లాగిన్‌తో నేనే పొడుగు జవాబు ఇంగ్లీషులో పెట్టి చూశాను, పాస్ అయింది. అదే తెలుగులో పెట్టాను, ఇన్‌కంప్లీట్.

సంగతి ఇదీ. స్కార్మ్ 1.2 అనేది కోర్సూ ఎల్ఎంఎస్సూ మాట్లాడుకునే ఒప్పందం, 2001 నాటిది. మనిషి ఎక్కడ ఆగాడు, ఏం రాశాడు అనేది కోర్సు ‘సస్పెండ్ డేటా’ అనే ఒక చోట దాస్తుంది, దానికి 4096 అక్షరాల హద్దు ఉంది. వెండర్ దాన్ని డేటాబేస్‌లో 4096 బైట్లుగా (బైటు అంటే కంప్యూటర్ నిల్వ కొలత) పెట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరాలకు ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, వత్తూ గుణింతమూ పొల్లూ అన్నీ విడివిడి గుర్తులే. ‘లక్ష్మి’ అని రాస్తే ఏడు గుర్తులు, 21 బైట్లు. అంటే మనవాళ్లకు మిగిలింది సుమారు 1365 గుర్తులు, అందులో కొంత కోర్సే వాడుకుంటుంది. హద్దు దాటగానే వాళ్ల సిస్టమ్ ఆ సేవ్ మొత్తాన్ని తిరగ్గొట్టేది, జవాబుతో పాటు అందులోనే ఉన్న ‘పాస్’ అనే మాట కూడా పోయేది. స్క్రీన్ మీద మాత్రం పచ్చ టిక్కు వచ్చేది. ఆ అక్క చెప్పింది అక్షరాలా నిజం.

ఈ లెక్కంతా పంపితే, స్కార్మ్ 1.2 పత్రంలో ఆ 4096 ఆస్కీ అక్షరాలనే (అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు లాంటివే) ఉందని వెండర్ మేనేజర్ వాదించాడు. అలాగే ఉంది. కానీ ‘భారతీయ భాషలన్నీ పనిచేస్తాయి’ అని వాళ్ల కొటేషన్‌లో ఉంది, డబ్బులు తీసుకుంది ఆ మాట మీద. చివరికి వాళ్లలోనే ఒక కుర్ర డెవలపర్ లాగ్ తీసి చూసి, మీరు చెప్పింది కరెక్టే మేడం అని ఒప్పుకున్నాడు. డేటాబేస్‌లో ఆ చోటు పెంచారు, కోర్సులను స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌కు మార్చాం. అందులో హద్దు 64,000 అక్షరాలు, యూనికోడ్ లెక్కన, అంటే మన లిపి గుర్తు కూడా ఒక్కటిగానే లెక్క. పూర్తయిందా, పాసయ్యాడా అనే రెండు సంగతులూ అందులో వేర్వేరుగా నమోదవుతాయి, దీనివల్ల గొడవ ఎక్కడుందో తొందరగా పట్టుకోవచ్చు.

ట్రైనింగ్ ఫలితాన్ని అమెరికా ప్రొఫెసర్ డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు స్థాయులుగా చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, ఫలితం కనిపించిందా. మా మీటింగ్‌లో చదివిన లిస్టు ఈ నాలుగింటిలో ఏదీ కాదు. మనుషుల జవాబులు ఒక్కటి కూడా తెరిచి చూడకుండా వాళ్లను నిలబెట్టి మాట్లాడారు.

పోయిన జవాబులు సిస్టమ్‌లో తిరిగి దొరకలేదు. ఒక్కొక్కరితో కూర్చుని మళ్లీ రాసుకున్నాను. కార్టన్ లైన్ కన్వేయర్ మలుపు కింద పాత బ్యాచ్ కార్టన్ ఒకటి ఇరుక్కుంటుందని, లైన్ క్లియరెన్స్‌లో ముందు అక్కడ వంగి చూడాలని ఆ ప్యాకింగ్ అక్క చెప్పింది. మా చెక్‌లిస్టులో ఆ చోటు లేదు. ఇప్పుడు చేరింది.

హెచ్ఆర్ ఆయన సవరణను మెయిల్‌లో పెట్టి సరిపెడతానన్నాడు. పేర్లు మీటింగ్‌లో చదివారు కాబట్టి సవరణ కూడా మీటింగ్‌లోనే చదవాలని నేను, ప్లాంట్ హెడ్ ముందు కూర్చుని ఒప్పించాను. చదివాడు. ఆగిన గంటలకు ఓటీ ఇవ్వడం మీద ఇంకా జవాబు రాలేదు, ఆ ఫైల్ నేను వదలను.

వెండర్‌తో సంతకం పెట్టేముందు డెమోలో ఇంగ్లీషు కోర్సు చూసి ఊరుకోకండి. రెండు పేజీల తెలుగు జవాబు మైక్‌లో చెప్పి, మధ్యలో బయటికొచ్చి, మళ్లీ తెరిచి, రిపోర్టులో ఏం కనిపిస్తుందో వాళ్ల ఎదురుగానే చూడండి. మా దగ్గర ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, వచ్చే నెల అదే అచ్చులో ఒడియా, హిందీ కోర్సులు ఎక్కిస్తున్నాం. ఆ లిపుల్లో కూడా ఒక్కో గుర్తుకు మూడు బైట్లే. పొడుగు జవాబుల పరీక్ష రెండు భాషల్లోనూ నిన్ననే చేశాం, రెండూ పాస్.