380 రోడ్డు మీద రెండు అబద్ధాలు

మా ఇంటి దగ్గర రోజూ ఎక్కే రోడ్డు, ఎగిరే పళ్లెం పడిందని చెప్పుకునే రోస్‌వెల్‌కి పోతుందని ఆరేళ్లపాటు మాకు తెలీదు. డాలస్‌కి ఉత్తరాన లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్, మెకిన్నీ వైపు ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లకి 380 అంటే పొద్దునపూట ట్రాఫిక్కు, ఎప్పటికీ పూర్తికాని రోడ్డు పని, అంతే. కిందటి నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి ఎక్కడికి పోదామా అని మ్యాపు తిప్పుతుంటే ఆ గీత పడమరకి సాగి సాగి టెక్సస్ దాటింది. రోస్‌వెల్ ఊరి మధ్యలోంచి పోయి, మొట్టమొదటి అణుబాంబు పేల్చిన ఎడారి అంచున తేలింది.

నాన్న వచ్చి అప్పటికి రెండు నెలలు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో ముప్పై రెండేళ్లు చేసి రిటైరైన మనిషి. ఆ ముప్పై రెండేళ్లూ ఆఫీసులో ఏం చేసేవాడో ఇంట్లో ఒక్కరికీ తెలీదు. బళ్లో అడిగితే "ఎలక్ట్రానిక్స్" అని చెప్పమనేవాడు. "మీ నాన్నని అడిగినా ఒకటే, గోడని అడిగినా ఒకటే" అనేది అమ్మ. అలాంటి మనిషిని ప్రభుత్వ రహస్యాల ఊరికి తీసుకెళ్తున్నానని నాకప్పుడు తట్టలేదు. హోటల్ చౌకగా దొరికింది, బయల్దేరాం.

డెంటన్ దాటాక 380 మనకి తెలిసిన 380 కాదు. గ్రాహం, త్రాక్‌మార్టన్, హాస్కెల్ అని చిన్న చిన్న ఊళ్లు, ఒక్కో ఊరికీ ఒక కోర్టు భవనం, ఒక పెట్రోలు బంకు. ఒకచోట పులిహోర డబ్బా తెరిచాక స్పూన్లు ఇంట్లో మర్చిపోయామని తెలిసింది. కారు బానెట్ మీద కాగితం ప్లేట్లు పెట్టుకుని చేత్తోనే తిన్నాం, ఆ చలిగాలికి చింతపండు పులుపు ఇంకాస్త ఎక్కింది. బ్రౌన్‌ఫీల్డ్ దగ్గరికొచ్చేసరికి రోడ్డుకి రెండు పక్కలా పత్తి చేలు. కోత అయిపోయి, మిషన్లు వదిలేసిన దూది పింజలు కంచెలకి పట్టుకుని ఉన్నాయి. మధ్య మధ్య చమురు తోడే పంపులు, గంగిరెద్దుల్లా తలలు ఊపుతూ. న్యూ మెక్సికో సరిహద్దులో గడియారం ఒక గంట వెనక్కి జరిగింది. రోస్‌వెల్ చేరేసరికి చీకటి పడింది.

ఊళ్లో వీధి దీపాలకి గ్రహాంతరవాసి కళ్లు గీసి ఉంటాయి. మెక్‌డొనాల్డ్స్ ఎగిరే పళ్లెం ఆకారంలో ఉంది. మా అమ్మాయి కారు దిగకముందే పచ్చబొమ్మ ఒకటి కొనిపించుకోవాలని తీర్మానించేసింది. నాన్న మాత్రం కిటికీలోంచి చూసి, "మన దగ్గర జాతరకి తక్కువేం లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మెయిన్ స్ట్రీట్‌లోని యూఎఫ్ఓ మ్యూజియం. ఒకప్పుడది సినిమా హాలు. లోపల పొగ చిమ్ముకుంటూ తిరిగే పళ్లెం, దాని ముందు పొడుగు చేతుల బొమ్మలు. పిల్లలకి అక్కడే సరిపోయింది. నాకు నచ్చింది గోడలకి అంటించిన పాత పత్రికల కాగితాలు.

1947 జులై 8 నాటి రోస్‌వెల్ డైలీ రికార్డ్. ఇక్కడి వైమానిక స్థావరం ఎగిరే పళ్లేన్ని పట్టుకుందని మొదటి పేజీ పతాక శీర్షిక. ఇది పుకారు రాసిన వార్త కాదు. స్థావరం వాళ్లే పత్రికా ప్రకటన ఇచ్చారు. ఇచ్చిన అధికారి వాల్టర్ హాట్, ఇమ్మన్నది ఆయన పైఅధికారి కల్నల్ బ్లాంచర్డ్. ఆ స్థావరంలో ఉన్నది 509వ బాంబు దళం, అంటే రెండేళ్ల కిందట హిరోషిమా, నాగసాకి మీద బాంబులేసిన దళం. అప్పటికి రెండు వారాల ముందే కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ వాషింగ్టన్ రాష్ట్రంలో ఆకాశంలో తొమ్మిది వింత వస్తువుల్ని చూశానని చెప్పాడు, దేశమంతా అదే మాట. అలాంటప్పుడు అణుబాంబు దళమే "మాకు దొరికింది" అంటే ఎవరు నమ్మరు?

కొన్ని గంటల్లోనే మాట మారింది. ఫోర్ట్‌వర్త్‌లో బ్లాంచర్డ్‌కి పైఅధికారి జనరల్ రేమీ విలేకర్లని పిలిచి, అది వాతావరణం చూసే బెలూనని తేల్చేశాడు. ఆయన గదిలో నేల మీద వెండి రేకు ముక్కలు, పుల్లలు పరిచి ఫొటోలు తీయించారు. ఆ ఫొటోల నెగెటివ్‌లు ఇప్పుడు ఆర్లింగ్టన్‌లో యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. నేను ఎంఎస్ చేసింది ఆ యూనివర్సిటీలోనే. రెండేళ్లు అదే లైబ్రరీలో ఏసీ కోసం పడుకున్నాను, పైన ఏ అంతస్తులో ఏముందో చూసిన పాపాన పోలేదు.

ఆ చెత్త దొరికిన మనిషి మ్యాక్ బ్రేజెల్, కరోనా ఊరి దగ్గర పశువుల పొలం చూసుకునేవాడు. మర్నాటి పత్రికలో ఆయన మాటలున్నాయి. దొరికిందంతా కలిపి ఐదు పౌండ్ల బరువుంటుందన్నాడు, పువ్వుల బొమ్మలున్న టేపు కూడా ఉందన్నాడు. చివర్లో విసుగ్గా, మళ్లీ ఏదైనా దొరికితే, అది బాంబైతే తప్ప, తన నోట మాట రాబట్టడం కష్టమని చెప్పాడు. నాన్న ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"పువ్వుల టేపేంట్రా?"

దానికి జవాబు 47 ఏళ్లకి వచ్చింది. 1994లో అమెరికా వైమానిక దళం నివేదిక ఇచ్చింది. అది ఉత్త వాతావరణం బెలూన్ కాదు, ప్రాజెక్ట్ మోగల్ అన్నారు. రష్యా అణుబాంబు పరీక్షిస్తే ఆ చప్పుడు పైగాలిలో చాలా దూరం పోతుంది కాబట్టి, మైకులు కట్టి బెలూన్ల వరుసని ఎత్తుకి పంపి వినాలని పథకం. న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లు న్యూ మెక్సికోలోని ఆలమగోర్డో నుంచి ఎగరేశారు. రాడార్‌కి కనబడటానికి రేకు కాగితంతో గాలిపటాల్లాంటివి కట్టేవాళ్లు. అవి తయారుచేసింది బొమ్మల కంపెనీ అని, పువ్వుల టేపు అక్కడిదేనని ఆ పని చేసినవాళ్లు గుర్తుచేసుకున్నారు. రబ్బరు, రేకు, పుల్లలు అన్నీ బజారు సామానే. దేనికి వాడుతున్నారన్నదే పరమ రహస్యం.

నాన్న నవ్వాడు. "టెండరులో ఎవడు తక్కువకి కోట్ చేస్తే వాడిదే ఆర్డరు. ఏ దేశమైనా అంతే." మ్యూజియం మొత్తంలో ఆయన నమ్మిన వివరం ఇదొక్కటే అనుకుంటా.

నేనైతే మోగల్ సంగతి నిజమనే అనుకుంటున్నాను. చిక్కెక్కడంటే, ముందు పళ్లెం అన్నారు, తర్వాత వాతావరణం బెలూన్ అన్నారు, ఆ తర్వాత గూఢచారి బెలూన్ అన్నారు. మూడోది నిజమైనా వినేవాడు ఎందుకు నమ్మాలి? పైగా న్యూ మెక్సికో ఎంపీ స్టీవెన్ షిఫ్ అడిగితే వెతికిన ఆడిట్ సంస్థ, ఆ కాలంలో స్థావరం నుంచి బయటికి పోయిన సందేశాలన్నీ నాశనమయ్యాయని, ఏ అధికారంతో నాశనం చేశారో సరిగ్గా రాసి లేదని 1995లో తేల్చింది. 1997లో వైమానిక దళం ఇంకో నివేదిక తెచ్చి, శవాల్ని చూశామన్నవాళ్లు చూసింది పారాషూట్ పరీక్షల డమ్మీల్ని అంది. ఆ డమ్మీలు పడేసింది 1950ల్లో. 1947 కథకి 1950ల బొమ్మలు పెడితే ఎవరికైనా ఒళ్లు మండదా? ఇక 1947లో ప్రకటన రాసిచ్చిన వాల్టర్ హాటే తర్వాత ఈ మ్యూజియం పెట్టినవాళ్లలో ఒకడు. ఆ మనిషి జీవితం మీద ఇంకో మ్యూజియం పెట్టొచ్చు.

లోపలి గదిలో ప్రాజెక్ట్ బ్లూ బుక్ గురించి ఉంది, ఆకాశంలో వింతలు చూశామన్న ఫిర్యాదుల మీద వైమానిక దళం చేసిన విచారణ. 1952 నుంచి 1969 దాకా నడిచింది, అంతకుముందు సైన్, గ్రడ్జ్ అని రెండు. మూడూ కలిపి 12,618 కేసులు చూశారు, 701 తేలలేదు. ఆ 701 పట్టుకునే ఇప్పటికీ గొడవ. నాకు మాత్రం తేలినవాటి కథే ఎక్కువ ఆసక్తి. సీఐఏ చరిత్రకారుడొకాయన 1997లో రాసినదాని ప్రకారం, 1950ల చివర్లో, 60ల్లో వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి పైగా యూ-2 లాంటి గూఢచారి విమానాలవే. అరవై వేల అడుగుల పైన పోయే విమానం ఉందని జనానికి తెలీదు. కింద చీకటి పడ్డాక కూడా పైన దానికి ఎండ తగిలి నిప్పుముద్దలా మెరిసేది. బ్లూ బుక్ అధికారులు లోపల్లోపల కనుక్కుని సంగతి తెలుసుకునేవాళ్లు, బయటికి మాత్రం మంచు స్ఫటికాలనో, గాలి పొరలనో రాసేవాళ్లు. చూసినవాడు కళ్లు సరిగ్గా ఉన్నవాడే. చూడలేదని చెప్పడమే వీళ్ల ఉద్యోగం.

బయటికొచ్చి కాఫీ తాగుతుంటే మా ఆవిడ అంది, "మన ఈసీఐఎల్ పక్కనుంచి కూడా బెలూన్లు ఎగరేస్తారు కదా మామయ్యా?"

అవును, అక్కడ టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం ఉంది. ఎగరేసే ముందు పేపర్లో ప్రకటన ఇస్తారు. ఫలానా జిల్లాల్లో పడొచ్చు, ముట్టుకోవద్దు, పోలీసులకి చెప్పండి, చెప్పినవాళ్లకి బహుమతి అని. చిన్నప్పుడు ఆ బహుమతి కోసం మేడెక్కి ఆకాశం కేసి చూసేవాళ్లం. అంత చెప్పినా 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో పెద్ద గుండ్రటి పెట్టె దిగితే ఊళ్లకి ఊళ్లు తరలివచ్చాయి, గ్రహాంతర నౌకని వీడియోలు. అది టూరిస్టుల్ని పైకి తీసుకెళ్దామని స్పెయిన్ కంపెనీ చేసుకున్న పరీక్ష, హైదరాబాద్ నుంచే ఎగిరింది. అంటే దాచకపోయినా కథ పుడుతుంది. కాకపోతే మన కథ రెండ్రోజుల్లో చచ్చిపోయింది, వీళ్లది ఎనభై ఏళ్లకి దగ్గరపడుతోంది.

మధ్యాహ్నం మళ్లీ 380 ఎక్కి పడమరకి పోయాం. లింకన్, కాపిటన్, కరిజోజో. కరిజోజో దాటగానే నల్లటి లావా రాళ్ల మైదానం, దోసె పెనం మీద మాడిపోయిన పిండిలాగా. ఇక్కడ ఫోన్ సిగ్నల్ పోయింది, మా అమ్మాయి మొదటిసారి కిటికీలోంచి చూసింది. ఇంకాస్త దూరంలో రోడ్డు పక్కన ట్రినిటీ బోర్డు, ఆ మొదటి అణుబాంబు పరీక్ష పేరు అదే. అసలు చోటుకి ఏడాదికి ఒకటి రెండు రోజులే జనాన్ని రానిస్తారు. మేం వెళ్లింది ఆ రోజు కాదు. గేటు వైపు పోయే దారి దగ్గర కారు ఆపి దిగాం. గాలి తప్ప ఏమీ లేదు.

1945 జులై 16 తెల్లవారుజామున ఐదున్నరకి ఇక్కడ బాంబు పేల్చారు. వందల మైళ్ల దూరానికి వెలుగు కనబడింది. ఆలమగోర్డో స్థావరం ప్రకటన ఇచ్చింది: దూరంగా ఉన్న మందుగుండు గిడ్డంగి పేలింది, ప్రాణనష్టం లేదు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇలాంటి ప్రకటనలు పేల్చకముందే రకరకాలుగా రాసిపెట్టుకున్నారు, ఎంత నష్టమైతే ఏది ఇవ్వాలో. చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్ల కప్పుల మీద వాన నీళ్లు పట్టుకుని తాగే జనం. బూడిద ఆ కప్పుల మీదే పడింది. హిరోషిమా దాకా వాళ్లకి నిజం తెలీదు. రేడియేషన్ బాధితులకి 1990లో పరిహారం చట్టం వస్తే అందులో ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు లేరు, 2025లో చేర్చారు. ఎనభై ఏళ్లు. ఆ మ్యూజియంలో టికెట్టు కొన్న మేము ఇక్కడ బోర్డు ముందు ఐదు నిమిషాలు ఆగాం, అంతే.

బ్రేజెల్ "బాంబైతే తప్ప" అన్న మాట అక్కడ నిలబడితే గుర్తొచ్చింది. ఆయన పొలం ఇక్కడికి ఈశాన్యాన అంత దూరమేం కాదు. ఇక్కడ పేలిందాన్ని రష్యా వాళ్లూ పేలుస్తారేమోనని వినడానికి పంపిన చెవులే ఆయన గొర్రెల మధ్య పడ్డాయి. తీరా 1949 ఆగస్టులో రష్యా నిజంగానే పేల్చినప్పుడు పట్టించింది బెలూన్లు కావు, విమానానికి కట్టిన వడపోత కాగితాలు. వాటికి అంటిన ధూళిలో దొరికింది.

నాన్న చలికి మఫ్లర్ బిగించుకుని బోర్డు మొత్తం చదివాడు. ఏమీ అనలేదు. కారెక్కాక మా అమ్మాయి పచ్చబొమ్మని ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"తాతా, నువ్వు ఆఫీసులో ఏం చేసేవాడివి?"

నేను అద్దంలోంచి చూశాను. ముప్పై రెండేళ్లు మేం అడగని ప్రశ్న కాదది.

"వాతావరణం బెలూన్లు" అన్నాడు నాన్న, ఫ్లాస్కు మూత తిప్పుతూ.