బేసిక్ ఎంత రాశారు?

దుబాయ్‌లో బైక్ మీద ఫుడ్ డెలివరీ చేయబట్టి నాకు ఐదేళ్లు దాటింది. మాది మక్తల్ దగ్గర ఒక ఊరు. ఇప్పుడు సెలవు మీద ఇంటికొచ్చాను. ఊళ్లో పిల్లలు కలిసిన ప్రతిసారీ ఒకటే అడుగుతున్నారు, నెలకు ఎంత పడుతుందన్నా అని. దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: కాంట్రాక్టు కాగితం మీద బేసిక్, అంటే అలవెన్సులు కలపని అసలు జీతం, ఎంత రాశారు? కాలు విరిగేదాకా నేనూ అడగలేదు.

నా వీసా యాప్ కంపెనీది కాదు. అక్కడ చాలామంది రైడర్లకు ఇంతే, మధ్యలో ఇంకో డెలివరీ కంపెనీ ఉంటుంది, వీసా దానిది, బైక్ దానిది, ఆర్డర్‌కు ఇంత అని వచ్చే డబ్బు దాని చేతి మీదుగానే మనకొస్తుంది. రోజుకు పన్నెండు గంటలు బండి మీదే ఉంటే మంచి నెలలో 3,500 దిర్హమ్‌లు చూశాను. కాగితం మీద మాత్రం బేసిక్ 800, అలవెన్సులు 400.

2024 నవంబర్‌లో ఒక రాత్రి ఆర్డర్ తీసుకుపోతుంటే పక్క లేన్ నుంచి కారు వచ్చి కొట్టింది, కుడి కాలు రెండు చోట్ల విరిగింది. ఆస్పత్రి ఖర్చు బీమాలో పోయింది, దుబాయ్‌లో ఆ బీమా యజమానే కట్టాలి. టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. పదిహేను రోజులు కాగానే ఇక సగం జీతమే అన్నారు. అది మామూలుగా ఒంట్లో బాగా లేనప్పటి లెక్క, పదిహేను రోజులు పూర్తిగా, ముప్పై రోజులు సగం, తర్వాత నలభై ఐదు రోజులు ఏమీ రాదు. పనిలో దెబ్బ తగిలితే లెక్క వేరే, వైద్యం నడిచినన్నాళ్లు, ఆరు నెలల దాకా, పూర్తి జీతం ఇవ్వాలని అక్కడి 2021 కార్మిక చట్టం చెబుతుంది. ఈ సంగతి నాకు చెప్పింది మా రూమ్‌లో ఉండే జగిత్యాల అన్న. ఆయనే పక్కన కూర్చుని కార్మిక శాఖకు ఫిర్యాదు పెట్టించాడు. 50,000 దిర్హమ్‌ల లోపు తగాదా అయితే 2024 నుంచి ఆ శాఖే తేల్చి చెబుతోంది. కంపెనీ దిగొచ్చి పూర్తి జీతం ఇచ్చింది. పూర్తి జీతం అంటే 1,200. ఇంట్లో అప్పుకు నెలనెలా మిత్తి కట్టేది నేను సంపాదించే 3,500 చూసుకుని.

పని వదిలేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా అంతే, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. 800 మీద లెక్కేస్తే ఐదేళ్లకు 2,800 దిర్హమ్‌లు, నా ఒక మంచి నెల సంపాదన కూడా కాదు. వీసా ఖర్చు కార్మికుడి దగ్గర తీసుకోవద్దని అదే చట్టంలో ఉంది. ఏజెంటు నా దగ్గర లక్షా ఇరవై వేలు తీసుకున్నాడు, రసీదు లేదు.

మా నాయన పాలమూరు లేబర్. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని మహారాష్ట్రలో కాలువ పనులకు పోయేవాడు, అది తీరేదాకా ఇంటి ముఖం చూడలేదు. వేరే రాష్ట్రానికి తీసుకుపోయిన కూలీకి కూలి కాక నెల కూలిలో సగమంత అదనంగా ఇవ్వాలని, దారి ఖర్చు కూడా ఇవ్వాలని 1979లోనే చట్టం వచ్చింది. మొన్న నాయనకు చెప్తే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "మాకెవరు చెప్పిన్రు బిడ్డా" అన్నాడు. నాకది ఇంకా మనసులోంచి పోవడం లేదు.

మా చిన్నాయన కొడుకు హైదరాబాద్‌లో ఇదే పని చేస్తాడు. నీ కాంట్రాక్టు చూపించరా అంటే "కాంట్రాక్టా? యాప్‌ల యాక్సెప్ట్ అని ఒత్తిన అన్నా, అంతే" అన్నాడు. వానలో మెహిదీపట్నం దగ్గర జారిపడి పది రోజులు ఇంట్లో ఉంటే ఆ పది రోజులకూ సున్నా. ఫిర్యాదు చేద్దామన్నా ఎవరి మీద చేయాలి? నాకు 800 అయినా ఒకరి సంతకం కింద ఉంది, వాడికి అదీ లేదు.

కేంద్రం తెచ్చిన సామాజిక భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది, యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలంటుంది. మంచిదే. కానీ ఇట్లా యాప్ మీద పనిచేసే గిగ్ కార్మికుడంటే మామూలు యజమాని, ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాడని కూడా అందులోనే రాశారు. బయట అని రాసేశాక వాడు కనీస వేతనం ఎవరినడగాలి, జీతంతో సెలవు ఎవరినడగాలి? మన తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో వీళ్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది, 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల కోసం ముసాయిదా బిల్లు పెట్టింది. చచ్చిపోతే ఇంటికి ఏమొస్తుందో ఇప్పుడు చెప్పగలం. కాలు విరిగి మంచంలో ఉన్నవాడి ఇల్లు ఆ రెండు నెలలు ఎట్లా గడవాలో కూడా చట్టంలో ఉండాలి, నేను అడిగేది అదే.

గల్ఫ్ పోయే పిల్లలకు ఇంకో మాట. పది పాస్ కానివాళ్లకు, బయటి దేశం పనికి పోవడానికి ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. నేను ఇంటర్ చదివాను కాబట్టి నాకు దాని గురించి ఎవరూ చెప్పలేదు.

నిన్న హైదరాబాద్‌లో ఉండే ఆ తమ్ముడి పేరు, కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో ఎక్కించాం. వచ్చే నెల నా కాంట్రాక్టు రెన్యువల్ ఉంది, బేసిక్ 1,500 రాస్తేనే సంతకం పెడతానని కంపెనీకి మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.