దూబగుంటలో పంక్

పంక్ అనే తిరుగుబాటు రాక్ సంగీతం ఎప్పుడో చచ్చిపోయిందని నా స్నేహితుల్లో చాలామంది అంటారు. అలా అనడానికి వాళ్ళకి కారణాలున్నాయి. 1976లో లండన్ కుర్రకారు చిరిగిన చొక్కాలకు పిన్నీసులు గుచ్చుకుని తిరిగారు. ఇప్పుడు ఆ చొక్కా పిన్నీసులతో సహా మాల్‌లో దొరుకుతోంది. రామోన్స్ అనే పంక్ బ్యాండు పాట ఒక్కటీ విననివాళ్ళు కూడా ఆ పేరున్న టీషర్టు వేసుకుంటున్నారు. 2016 నవంబర్‌లో, పంక్‌కి నలభై ఏళ్ళంటూ లండన్‌లో పెద్ద పెద్ద సంస్థలు వేడుకలు చేస్తుంటే, జో కొరే అనే ఆయన ఒళ్ళుమండి, తాను దాచుకున్న పంక్ బట్టలూ వస్తువులూ థేమ్స్ నదిలో పడవ మీద పెట్టి తగలబెట్టాడు. వాటి విలువ యాభై లక్షల పౌండ్లని చెప్పుకున్నారు. సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండు మేనేజర్ మాల్కం మెక్‌లారెన్, డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్‌ల కొడుకు ఆయన. ఆ కోపం నాకర్థమవుతుంది. కానీ ఆ గుడ్డలు కాలిస్తే పంక్ పోతుందనీ, దాస్తే మిగులుతుందనీ నేననుకోను.

ఇంటర్ రోజుల నుంచీ నేను వింటున్న సంగీతం ఇది. ఎవరి అనుమతీ అడక్కుండా, చేతిలో ఉన్నదాంతో పని మొదలుపెట్టడం అన్న పద్ధతే నన్ను దానికి కట్టిపడేసింది. మన నేల మీద అది ఎక్కడ జరిగిందని ఆలోచిస్తే ప్రతిసారీ, ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ నెల్లూరు జిల్లా దూబగుంటే గుర్తొచ్చేది. నెల్లూరులో కొందరు పిల్లలు పంక్ పాటలు కడుతున్నారని తెలిశాక ఇక ఆగలేకపోయాను. ముందు దూబగుంట చూసి, ఆ తర్వాత వాళ్ళ దగ్గరికి వెళ్దామని విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కాను.

కావలిలో దిగి, ఆర్టీసీ స్టాండులో కలిగిరి బస్సు పట్టుకున్నాను. రైలు పట్టాల వైపున్న పచ్చదనం కాసేపటికే తగ్గిపోయి, మెట్ట మొదలైంది. ఎర్రమట్టి, చిల్లచెట్లు, మధ్యమధ్యలో పొగాకు బ్యారన్లు. కలిగిరిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళందరూ ఈ ఏడు రేటు గురించే మాట్లాడుతున్నారు. దూబగుంటకు ఆటో అడిగితే డ్రైవరు, "రోశమ్మ ఊరికేనా అక్కా?" అన్నాడు. సారా మీద పోరాటంలో ముందు నిలబడ్డ రోశమ్మగారు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ ఊరికి గుర్తు ఆమే.

రోశమ్మగారు ఇప్పుడు లేరు. ఊళ్ళో నాకు ప్రత్యేకంగా చూడాల్సినవంటూ ఏమీ కనపడలేదు, వాటికోసం నేను వెళ్ళలేదు కూడా. ఓ ఇంటి అరుగు మీద చింతపండు గింజ తీస్తున్న ఒక అవ్వ దగ్గర కూర్చున్నాను.

"ఏంది పాపా, రోశమ్మ కోసరం వచ్చినావా? ఆమె పోయింది గదా."

"తెలుసవ్వా. అప్పట్లో మీరంతా ఏం చేశారో విందామని వచ్చాను."

"ఏం చేసేది? రాత్రిళ్ళు పలకలు పట్టుకోని చదువుకోను పొయ్యేవోళ్ళం. ఆడ కూడినప్పుడే మాట్లాడుకున్యాం. మొగోళ్ళ కూలి డబ్బులు ఇంటికి రాకముందే సారా ప్యాకెట్లకు అయిపోతా ఉండె. పలక పక్కనబెట్టి చీపుర్లు పట్టుకున్యాం."

"భయం వెయ్యలేదా?"

"ఇంట్లో దినామూ ఉండే భయమే గదా. బయట కొత్తగా ఏముండాది?"

ఆ మాట తర్వాత చాలాసేపు నేనేమీ అడగలేకపోయాను.

జరిగింది ఇదీ. 90ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం గట్టిగా నడిచింది. కూలి పనులు చేసుకునే ఆడవాళ్ళు రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దారు. వాచకంలో సీతమ్మ కథ ఉంది. తాగుబోతు భర్త వల్ల నలిగిపోయిన ఇల్లాలి కథ అది. దూబగుంట ఆడవాళ్ళు అందులో తమ బతుకే చూసుకుని, ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ తర్వాత వాళ్ళ కథే 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠమై పక్క ఊళ్ళ రాత్రి బడులకు చేరింది. చదివిన ఊళ్ళు ఊరుకోలేదు. ప్యాకెట్లు చించి పారబోశారు, దుకాణాలు మూయించారు, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. జిల్లాలో ఆ వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం. 1997లో దాన్ని సడలించారు.

పాఠం చదివి పక్క ఊరు లేవడం అన్న సంగతి దగ్గర నా మనసు మరీ నిలుస్తుంది. ఎందుకంటే పంక్ పాకింది కూడా అచ్చం అలాగే. 1976లో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమస్తా స్నిఫిన్ గ్లూ అనే పత్రికను సొంతంగా టైపు కొట్టి, జిరాక్స్ తీసి పంచాడు. మరుసటేడు సైడ్‌బర్న్స్ అనే అలాంటి పత్రికే గిటార్ మీద వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపే మూడు కార్డ్‌ల (స్వరాల కలయికల) బొమ్మలు వేసి, ఇక వెళ్ళి బ్యాండు పెట్టుకోండి అని కింద రాసింది. అమెరికాలో బికినీ కిల్ లాంటి బ్యాండ్ల అమ్మాయిలు రయట్ గర్ల్ పేరుతో సొంత పత్రికలు వేసుకుని, ఇంట్లోనూ వేదిక దగ్గరా తమ మీద జరుగుతున్న హింస గురించి రాసుకున్నది 1991లో. నెల్లూరు ఆడవాళ్ళు వీధిలోకొచ్చింది ఆ మరుసటేడే. వీళ్ళ ఊసు వాళ్ళకి తెలీదు, వాళ్ళ ఊసు వీళ్ళకి తెలీదు. రోశమ్మగారికి పంక్ అనే బిరుదు తగిలించాలని నాకు లేదు, ఆమెకు అది అక్కర్లేదు. పంక్ అని చెప్పుకునేవాళ్ళని మాత్రం ఆమె పక్కన నిలబెట్టి చూస్తాను.

లేచేముందు అడిగాను. "మందు మళ్ళీ వచ్చేసింది కదవ్వా?"

"వచ్చింది. మేం మూసినప్పుడు మూతబడింది గదా!" అంది అవ్వ, గింజ తీయడం ఆపకుండానే.

సాయంత్రానికి నెల్లూరు చేరాను. పిల్లల గది స్టోన్‌హౌస్‌పేటలో, ఒక బండ్ల మెకానిక్ షాపు మీద. చప్పుడు బయటికి పోకుండా గోడలకి మిల్లు గోనెసంచులు వేలాడదీశారు. డ్రమ్ములు పెళ్ళిళ్ళ బ్యాండు మేళం వాళ్ళ దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవి. ముగ్గురబ్బాయిలు, పాడేది ఒకమ్మాయి. తెల్లారుజాము స్టడీ అవర్, వారంవారం ర్యాంకుల టెన్షన్, హాస్టల్ కిటికీకి కొట్టిన ఇనుప జాలీ గురించి వాళ్ళ పాట. రెండేళ్ళు ఆ గదుల్లో ఉండి వచ్చినవాళ్ళే అందరూ. పాట నిండా నెల్లూరు యాస. రెండు నిమిషాల్లోపే అయిపోయింది. నాకు వెన్ను జలదరించింది. ఇంగ్లిష్ అరుపుల్ని అనుకరించే బ్యాండ్లు బోలెడు విన్నాను గానీ, సొంత గొంతుతో తిట్టిన తిట్టు ఇంత సూటిగా తగలడం ఇదే చూడ్డం.

"తోలు జాకెట్లు లేకుండా మమ్మల్ని పంక్ అంటారా అక్కా?" అని డ్రమ్మర్ అడిగాడు. నేను 2011లో ఇండోనేసియాలోని ఆచేలో జరిగింది చెప్పాను. అనాథ పిల్లల కోసం పెట్టిన కచేరీ మీద పోలీసులు పడి అరవై మందికి పైగా పంక్ పిల్లల్ని పట్టుకెళ్ళి గుండ్లు గీయించారు. జుట్టు పోయినంత మాత్రాన వాళ్ళు మారిపోలేదు. యాంగాన్‌లో రెబల్ రయట్ అనే పంక్ బ్యాండు వాళ్ళు వీధుల్లో ఉండేవాళ్ళకి అన్నం పెట్టిన సంగతీ చెప్పాను. ఇవాళ పంక్ ఎక్కడుందంటే నేను చూపించేది వీళ్ళనే. దూబగుంట గురించి చెప్తే మాత్రం నలుగురూ కదలకుండా విన్నారు. ఇదే జిల్లాలో పుట్టి పెరిగినా వాళ్ళకి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదట.

కచేరీకి ఒక ఫంక్షన్ హాలు అడిగితే, పాటలో ఏముందో ముందు రాసిమ్మన్నారట. అందుకని ఖాళీగా ఉన్న ఒక మిల్లు షెడ్డులో పెట్టుకుంటున్నారు. టికెట్టు యాభై రూపాయలకు మించకూడదని అమ్మాయి పట్టు. వాషింగ్టన్‌లో ఫుగాజి అనే పంక్ బ్యాండు వాళ్ళు ఎంత పేరొచ్చినా ఐదు డాలర్లకే కచేరీలు చేసేవాళ్ళని చెప్తే, చూశారా అన్నట్టు మిగతావాళ్ళ వైపు చూసింది. తాగినవాళ్ళకి లోపలికి రావడానికి లేదు. ఆ నియమం వాళ్ళు ముందే రాసుకున్నారు. 1981లో మైనర్ థ్రెట్ బ్యాండు స్ట్రెయిట్ ఎడ్జ్ అన్న పాటలో మత్తు వద్దన్నాక, దాన్ని బతుకు పద్ధతిగా తీసుకున్న పంక్‌లు బోలెడుమంది. వీళ్ళకి ఆ పాట తెలీదు, ఇళ్ళల్లో తాగుడు తెలుసు. ముందు వరుసలు అమ్మాయిలకి.

"దూబగుంట కథ మాకు రాసిస్తారా అక్కా? టికెట్‌తో పాటు అందరికీ ఇస్తాం" అంది అమ్మాయి. ఆ రాత్రే రాయడానికి కూర్చున్నాను. అరగంటకోసారి ఫోన్ చేస్తూనే ఉంది: "ఒక్క పేజీలోనే పట్టాలక్కా, రెండో వైపు పాటలు వేస్తున్నాం. జిరాక్స్ షాపు పొద్దున తొమ్మిదికి తీస్తారు."