గిన్నెలో మన్నా, డబ్బాలో బియ్యం

పోయిన ఆదివారం మందిరంలో బైబిల్లోని సంఖ్యాకాండము 11వ అధ్యాయం చదివారు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఏడుస్తూ, ఐగుప్తులో "ఉచితముగా" తిన్న చేపల్నీ కీరకాయల్నీ దోసకాయల్నీ ఉల్లిపాయల్నీ తలుచుకునే భాగం. ఎన్నోసార్లు విన్నదే. ఈసారి ఆ "ఉచితముగా" దగ్గర నా మనసు ఆగిపోయింది. ఏం ఉచితం? వాళ్లను బానిసలుగా పెట్టుకుని, గడ్డి ఇవ్వకుండా, లెక్క తగ్గకుండా ఇటుకలు చేయించుకున్న దేశం అది. వాళ్లు తలుచుకున్నవాటిలో కూరగాయలన్నీ ఉన్నాయి, ఇటుక ఒక్కటీ లేదు.

మా ఇంట్లోనూ అలాంటి తలపోత ఉండేది. మాది చెన్నై సైదాపేటలో అడయారు నదికి దగ్గర్లో కింది పోర్షన్. ఒంగోలులో ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేటప్పుడు అత్తయ్య ఒక ట్రంకు పెట్టె తెచ్చుకున్నారు. మామయ్యగారి పట్టుపంచె, ఇత్తడి గిన్నెలు, పెళ్లి ఫొటోలు, అమ్మేసిన ఇంటి దస్తావేజు నకలు కూడా. వారానికోసారైనా తెరిచి, మడతలు మార్చి మళ్లీ సర్దేవారు. "ఆ ఇంట్లో దేనికీ తడుముకోలేదమ్మాయ్" అనేవారు.

2015 డిసెంబరు 1 రాత్రి. చెంబరంబాక్కం చెరువు నీళ్లు వదిలారు, అడయారు పొంగింది. చూస్తుండగానే నీళ్లు మంచం ఎత్తుకొచ్చాయి. మేడమీద ఇంటివాళ్లు రమ్మని కేకలేస్తున్నారు. అత్తయ్య పెట్టె మీద చెయ్యేసి కదలనంటారు. చివరికి మా వారు ఆమెను ఎత్తుకుని మెట్లెక్కారు. నా చేతికి అందింది అటక మీదున్న అల్యూమినియం డబ్బా ఒక్కటే. పిడికెడు బియ్యం డబ్బా.

రోజూ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం దేవుని పేర తీసి పక్కన వేస్తాం. నెలాఖరు ఆదివారం మందిరానికి తీసుకెళ్తే లేనివాళ్లకు చేరతాయి. మా అమ్మా అదే చేసేది. ఇక్కడ నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మేం తినేది సన్నబియ్యం. ఆ డబ్బాలో నేను వేస్తూ వచ్చింది రేషన్ బియ్యం. తమిళనాడులో 2011 నుంచి అవి ఉచితం. కొన్నవి మాకు, ఊరికే వచ్చినవి దేవునికి. బలిపీఠం కట్టడానికి అరౌనా అనే ఆయన తన కళ్లం ఊరికే ఇస్తానన్నా, వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని దేవునికి అర్పించనన్న దావీదు రాజు కథను సండే స్కూల్లో పిల్లలకు చెప్పింది కూడా నేనే.

మర్నాడు మేడమీద పదకొండు మందిమి. కరెంటు లేదు, తెరిచిన కొట్టు లేదు. ఆ ఇంటావిడ గ్యాసు పొయ్యి, నా డబ్బాలో బియ్యం. చాటలో పోస్తే పురుగు. కిటికీ వెలుతుర్లో కూర్చుని ఒక్కొక్కటే ఏరాను. చేతులు ఆ పని చేస్తుంటే, ఇన్నాళ్లూ ఈ బియ్యం వండుకున్న ఇల్లాలు ఎవరో, ఆమె కూడా ఇలాగే ఏరుకుని ఉంటుంది కదా అనిపించి కళ్లు నిండాయి. రెండు పూటలు అందరం గంజి తాగాం. లేనివాళ్లకని పెట్టిన బియ్యం మేమే తిన్నాం.

నిర్గమకాండము 16లో ఉంది కదా, అరణ్యంలో ఆకాశం నుంచి కురిపించిన మన్నా అనే ఆహారాన్ని తలకొక ఓమెరు కొలత చొప్పున కూర్చుకోమన్నాడు దేవుడు. మోషే వద్దన్నా మర్నాటికి దాచినవాళ్లకు అది పురుగుపట్టి కంపు కొట్టింది. ఆ అధ్యాయం చివర్లో మరో మాట. అదే మన్నా ఒక గిన్నెలో పోసి, తర్వాతి తరాలు చూసేలా యెహోవా సన్నిధిలో ఉంచమన్నాడు. గుడారంలో ఒక్క రాత్రి ఆగనిది అక్కడ తరాలు నిలిచింది. గుర్తుపెట్టుకోమన్నదీ దేవుడే మరి. నాకుండేదని దాచుకున్న జ్ఞాపకం వేరు, ఆయన పెట్టాడని ఆయన ముందుంచిన జ్ఞాపకం వేరు.

అపొస్తలుడైన పౌలు యెరూషలేములోని పేదల కోసం చందా అడుగుతూ ఈ మన్నా మాటే ఎత్తుతాడు, కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8లో. నిరుపేదలై ఉండీ ధారాళంగా ఇచ్చిన మాసిదోనియ సంఘాల సంగతీ అక్కడే చెబుతాడు. ఫిలిప్పీ మాసిదోనియలోని ఊరే. ఆ ఫిలిప్పీవాళ్లు తమ మనిషి ఎపఫ్రొదితు చేత పంపిన సాయం అందుకుని, చెరలో బంధకాల్లో ఉండే "సంతృప్తి కలిగియుండ నేర్చుకొనియున్నాను" అని రాశాడు. నేర్చుకున్నాడట! పౌలంతటివాడికే నేర్చుకుంటే గానీ రాలేదు. ఆ ఒక్క మాట నన్ను ఎన్నిసార్లు నిలబెట్టిందో.

నీళ్లు తీశాక పెట్టె తెరిచాం. ఫొటోలన్నీ ఒకదానికొకటి అంటుకుని దిమ్మకట్టాయి. అత్తయ్య ఏడవలేదు. ఆ రాత్రి ఎన్నడూ చెప్పని కథ చెప్పారు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పని తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువులో బాప్తిస్మాలు ఆపారు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. "ఆ మట్టి మోసినవాళ్లలో మీ మామయ్య ముత్తాత ఉన్నాడమ్మాయ్. తట్ట పట్టుకుని మొదలయ్యాం మనం" అన్నారు. ఆ కాలువే ఇక్కడ మైలాపూరు పక్కగా పోతుంది. ఎన్నిసార్లు దాటామో దాని మీదుగా, ఆమె ఎప్పుడూ ఒంగోలు ఇంటి గురించే చెప్పేవారు.

సంక్రాంతికి ఇత్తడి గిన్నెల్లో పెద్దది తోమించి మేడమీద ఇంటావిడ చేతిలో పెట్టారు. ఫొటోల దిమ్మ మాత్రం ఉంది. విడదీస్తే ముఖాలు ఊడొస్తాయని ఎవరం ముట్టుకోం.

డబ్బా కడిగి, ఎండబెట్టి, మళ్లీ మొదలుపెట్టిన రోజు అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. నా చెయ్యి ఇంకా ఏ సంచిలోకీ వెళ్లలేదు.

"మనం తినేవాటిలోంచి తియ్యి, అమ్మాయ్" అన్నారు.

ఆమెకు ఎప్పటినుంచో తెలుసని నాకు అప్పుడు తెలిసింది.