దాపటి గుర్రం

ఆదివారం రాత్రి.

ఇవాళ పెద్దగా పనేమీ లేదు. పొద్దుటి నుంచీ మనసంతా పురాతన రోమ్ రథాల పందేల్లోని ఆ ఒక్క మలుపు దగ్గరే ఉంది. పాలటైన్, అవెంటైన్ కొండల నడుమ లోయలో సర్కస్ మాక్సిమస్ మైదానం, దాని మధ్యలో పొడుగ్గా కట్టిన అడ్డుగట్టు, ఆ గట్టుకి రెండు చివర్లా మూడేసి శంకు స్తంభాలు. వాటి చుట్టూ ఎడమకి తిరగాలి. పందేనికి ఏడు చుట్లు. తిన్నని దారిలో మంచి గుర్రాలన్నీ పరుగెడతాయి. పందెం తేలేది మాత్రం ఈ మలుపుల్లోనే.

నాలుగు గుర్రాల రథంలో నాలుగూ కాడి కింద ఉండవు. మధ్య రెండింటి మీదే కాడి. అంచుల్లో ఉన్న రెండూ తాళ్ళతో మాత్రమే కట్టి ఉంటాయి. అందుకే వాటికి కదిలే వీలు ఎక్కువ, వాటి మీద బాధ్యతా ఎక్కువే. మలుపంతా ఎడమకే కాబట్టి ఎడమ అంచున కట్టిన దాపటి గుర్రం లోపలి వైపు పడుతుంది. అది ఉన్నచోటే తిరిగినట్టు అడుగులు కుదించుకోవాలి. అదే క్షణంలో వలపటిది బయట పెద్ద చుట్టు కొట్టాలి కనక వేగం పెంచాలి. దాపటిది బెదిరి లోపలికి జరిగితే చక్రం శంకు స్తంభాల గట్టుకి తగిలి ఇరుసు విరుగుతుంది. జంకి బయటికి జరిగితే గట్టుకీ రథానికీ మధ్య సందు ఏర్పడి, వెనక వస్తున్నవాడు అందులోకి దూరతాడు. అందుకే జట్టులో అన్నిటికన్నా తెలివైన గుర్రాన్ని దాపట కట్టేవాళ్ళు. ఐదేళ్ళ లోపు ఏ గుర్రాన్నీ సర్కస్ పందేల్లో దింపరని రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాశాడు. కారణం బలమొక్కటే అని నాకనిపించదు. ఆ మలుపులో నిలబడే నిదానం లేతవయసు గుర్రానికి రాదు.

రథాన్ని కూడా దీనికి తగ్గట్టే చేసేవాళ్ళు. ఊరేగింపు రథంలా కంచు తొడుగులుండవు. తేలికపాటి కర్ర చట్రం, తోలు పట్టీలు, చిన్న చక్రాలు, అంతే. బరువు తగ్గినకొద్దీ వేగం పెరుగుతుంది, దెబ్బ తగిలితే తట్టుకునే శక్తి తగ్గుతుంది. గ్రీకు సారథులు పగ్గాలు చేత్తో పట్టుకునేవాళ్ళు. రోమన్లు వాటిని నడుముకి చుట్టుకుని, ఒళ్ళు అటూ ఇటూ వాల్చి రథాన్ని తిప్పేవాళ్ళు. నాలుగు గుర్రాల లాగుడుని చేతులు మాత్రమే ఆపలేవు, నడుము ఆపగలదు. కానీ పడితే, గుర్రాలు మనిషిని కూడా ఈడ్చుకుపోతాయి. పగ్గాలు తెంచుకోడానికి ప్రతి సారథి దగ్గరా వంపు కత్తి ఉండేది. తలకి శిరస్త్రాణం, ఛాతీ చుట్టూ తోలు పట్టీలు. రథం ముక్కలై పడిపోవడాన్ని వాళ్ళు ‘ఓడ మునక’ అనేవాళ్ళు. కిందపడ్డ రథాన్ని తప్పించుకోలేక వెనకవాళ్ళూ వచ్చి దానిమీదే పడేవాళ్ళు.

మొదలుపెట్టడంలోనూ ఎంతో జాగ్రత్త ఉంది. నాలుగు రంగుల జట్లు: ఎరుపు, తెలుపు, నీలం, ఆకుపచ్చ. జట్టుకి మూడు రథాల దాకా, అవి బయల్దేరడానికి మొత్తం పన్నెండు గదులు. ఏ గది ఎవరిదో చీట్ల పద్ధతిలో తేలుతుంది. గదులన్నీ ఒకే వరసలో తిన్నగా ఉంటే అంచున ఉన్నవాడికి దూరం ఎక్కువవుతుంది. అందుకే వాటిని కొంచెం వంపుగా కట్టారు. పందెం పెట్టించే అధికారి తెల్లగుడ్డ జారవిడుస్తాడు, తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి.

చుట్ల లెక్క తప్పకుండా గట్టు మీద ఏడు గుడ్ల బొమ్మలుండేవి. జనం, సారథులు అప్పటికీ లెక్క తప్పుతున్నారని క్రీ.పూ. 33లో రోమన్ అధికారి అగ్రిప్ప ఏడు డాల్ఫిన్ల బొమ్మల్ని కూడా పెట్టించాడు.

జనానికి గుర్రాల వేగం, సారథి నేర్పు అక్కర్లేదు, వాళ్ళు ప్రేమించేది గుడ్డ రంగునే అని పెద్ద ప్లినీ మేనల్లుడు చిన్న ప్లినీ ఒక ఉత్తరంలో ఎత్తిపొడిచాడు. పందెం మధ్యలో రంగులు మార్చుకుంటే అభిమానం కూడా మారిపోతుందన్నాడు. ఈ మాట నేను ఒప్పుకోలేను. గాయస్ అప్పులేయస్ డియోక్లిస్ అనే సారథి గురించిన శిలాశాసనం చూస్తే చాలు. ఆయనది నేటి పోర్చుగల్ వైపు లుసిటేనియా. క్రీ.శ. 122లో తెల్ల జట్టులో మొదలుపెట్టాడు. మొదటి గెలుపు రెండేళ్ళకి గానీ రాలేదు. తర్వాత ఆకుపచ్చకి, ఆపైన ఎరుపుకి మారాడు. 24 ఏళ్ళలో 4,257 పందేలు, 1,462 గెలుపులు. ఆ శాసనం అంతటితో ఆగదు. మొదటినుంచీ ముందుండి గెలిచినవి 815. వెనకనుంచి వచ్చి గెలిచినవి 67. ఆఖరి పరుగులో లాక్కుని గెలిచినవి 502. ఆ 502లో ఆకుపచ్చవాళ్ళ మీద 216, నీలంవాళ్ళ మీద 205, తెల్లవాళ్ళ మీద 81. గుడ్డనే చూసే జనం మధ్య ఇంత లెక్క ఎవడు రాయించుకుంటాడు? చదివేవాళ్ళకి తేడా తెలుసు కాబట్టే రాయించారు. గుర్రాల ఖాతా కూడా ఉంది: నూరు గెలుపులు దాటించినవి తొమ్మిది, రెండువందలు దాటినది ఒకటి.

డియోక్లిస్ 42 ఏళ్ళు దాటేవరకూ బతికి బయటపడ్డాడు. స్కోర్పస్ అనే మరో సారథి 2,048 పందేలు గెలిచి 27వ ఏట పోయాడు. గాయాలకి వైద్యమంటే అడవిపంది పేడ. వసంతంలో ఏరి, ఎండబెట్టి దాచుకునేవాళ్ళు. పచ్చిదాన్ని కూడా పట్టు వేసేవాళ్ళు, వెనిగర్‌లో ఉడికిస్తే ఇంకా మంచిదని కొందరనేవాళ్ళు. ఇది కూడా పెద్ద ప్లినీయే రాశాడు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి ట్యునీసియాలోని హాద్రుమేటంలో దొరికిన సీసపు రేకు. ఆకుపచ్చ, తెల్ల జట్ల గుర్రాలను చంపమనీ, క్లారస్, ఫెలిక్స్, ప్రిములస్, రోమానస్ అనే సారథులను నుజ్జు చెయ్యమనీ, వాళ్ళలో ఊపిరి మిగల్చవద్దనీ ఒక దయ్యానికి మొర. మెత్తటి సీసం మీద మొనతో ఒక్కో పేరే గీకారు. ఇలాంటి రేకుల్ని చుట్టి, సమాధుల్లోకి జారవిడిచేవాళ్ళు. పేరుపేరునా తెలియకపోతే ఇంత ద్వేషం రాదు.

ఇటలీలోని వోల్టెర్రా ఊరికి చెందిన కేకినా అనే రథాల యజమాని సంగతి పెద్ద ప్లినీ చెప్పాడు. కేకినా వెళ్ళేటప్పుడు స్వాల్లో పిట్టల్ని పట్టుకుని రోమ్‌కి తీసుకెళ్ళేవాడట. పందెం కాగానే వాటికి గెలిచిన రంగు పూసి వదిలేవాడు. అవి తిన్నగా వాటి గూటికే చేరేవి. స్నేహితులకు రంగైతే అలా తెలిసేది. ఏ మలుపులో, ఎవరి దాపటి గుర్రం బెదరకుండా నిలబడిందో మాత్రం కేకినా ఇంటికొచ్చి చెప్పేదాకా ఆగాల్సిందే.